సాన్నిధ్యాన్వేషి ఈవ్ బోన్‌ఫ్వా

ఫ్రెంచి కవిత్వమనగానే మన సాహిత్య విద్యార్థులకు బోదిలేర్, రేంబో, మలార్మే అనే మూడు పేర్లు స్ఫురిస్తాయి. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు మొదలైన వారి మూలంగా సర్రియలిజమనే మాట కూడా తెలుగువారికి కొత్త కాదు. అయితే మన పరిచయం సాధారణంగా అక్కడితో ఆగిపోతున్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ దేశంలో కవిత్వం ఏ మార్గాన నడిచిందో, ఏ ప్రశ్నలను ఎదుర్కొన్నదో తెలిసినవారు మనలో అరుదు. ఆ తరానికి చెందిన కవులలో అగ్రగణ్యుడు, వ్యాసకర్త, అనువాదకుడు, కళావిమర్శకుడు అయిన ఈవ్ బోన్‌ఫ్వా జీవితాన్నీ కృషినీ సంగ్రహంగా పరిచయం చేయటం ఈ వ్యాసోద్దేశం.

దూరదేశపు కవితో మనకేమి పని అని కొందరు అడుగవచ్చు. పూర్తి సమాధానం వ్యాసాంతంలో చెప్పదలచాను. ప్రస్తుతానికి ఒక్క మాట చాలు. ఆయన ఒక రైల్వే కార్మికుని కుమారుడు. ఇంటిలో పెద్దలు తమలో తాము మాట్లాడుకొనే భాష వేరు, బడిలో ఆయన నేర్చిన భాష వేరు. ఈ కళాశాలలో అట్టి విద్యార్థులు అనేకులున్నారు.

బాల్యం, విద్యాభ్యాసం

ఈవ్ బోన్‌ఫ్వా 1923 జూన్ 24వ తేదీన, లువార్ నదీతీరంలోని తూర్ నగరంలో జన్మించాడు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఇంజన్ల పనివాడు. తల్లి ఉపాధ్యాయిని. వారిది నైరుతి ఫ్రాన్సులోని పల్లెసీమ. బ్రతుకుదెరువు కోసం నగరానికి వచ్చినవారు. ఆ దంపతులు ఏకాంతంలో తమ ప్రాంతపు ఆక్సిటన్ మాండలికంలో మాట్లాడుకొనేవారు. పిల్లవానితో మాత్రం ఫ్రెంచిలోనే మాట్లాడేవారు. ఆనాటి ఫ్రెంచి పాఠశాలలు ప్రాంతీయ భాషలను అనాగరికమని చిన్నచూపు చూసేవి. కుమారుడు పైకి రావాలంటే బడి భాషే శరణ్యమని ఆ తల్లిదండ్రులు భావించటంలో ఆశ్చర్యం లేదు. ఆ విధంగా పెద్దల మాటలు సగం అర్థమై, సగం కాకుండా వింటూ ఆ బాలుడు పెరిగాడు.

వేసవి సెలవులకు లోత్ నది సమీపంలో తువారాక్ అనే గ్రామంలో ఉన్న మాతామహుల ఇంటికి వెళ్లేవాడు. తాతగారు కూడా ఉపాధ్యాయుడే. ఆ ఇల్లు, తోట, పండ్ల చెట్లు, ఎండలో వేడెక్కిన రాళ్లు ఆయన మనస్సులో చెరగని ముద్ర వేశాయి. తూర్‌లోని కార్మికవాడ ఇరుకు వీధులకూ ఆ పల్లెకూ మధ్య గల అంతరం ఆయన కవిత్వానికి తొలి బీజమని చెప్పవచ్చు.

1936లో తండ్రి మరణించాడు. అప్పటికి ఈవ్‌కు 13 ఏళ్లు. తండ్రి మితభాషి. పగలంతా పని, సాయంకాలానికి అలసట. తండ్రీకొడుకులు మనసు విప్పి మాట్లాడుకొన్నది స్వల్పం. మాట్లాడుకోవలసిన వయస్సు వచ్చేసరికి ఆ తండ్రి లేడు. ఈ మౌనం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

విద్యార్థి దశలో ఆయన గణితశాస్త్రాన్ని, ఆపైన తత్వశాస్త్రాన్ని అభ్యసించాడు. యుద్ధకాలంలోనే పారిస్ చేరి, గాస్తోన్ బాష్‌లార్, జాన్ వాల్ వంటి ప్రసిద్ధ తత్వవేత్తల ఉపన్యాసాలు విన్నాడు. అదే కాలంలో సర్రియలిస్టు కవుల సాహచర్యం లభించింది. కానీ 1947లో ఆ బృందం వెలువరించిన ప్రకటనపై సంతకం చేయటానికి నిరాకరించి బయటకు వచ్చాడు. స్వప్నచిత్రాల వెంట పరుగులు తీసే కవిత్వం కళ్లెదుట ఉన్న లోకాన్ని విడనాడుతున్నదని ఆయన అభ్యంతరం. గురువుల చెంత నేర్చినదానిని నేర్చి, తనకు సత్యం కానిదానిని నిష్కర్షగా వదలుకోగలగటం ఆయన స్వభావంలోని ముఖ్య గుణం. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు మాత్రమే!

హాజరు అనే మాట

బోన్‌ఫ్వా భావప్రపంచానికి కేంద్రమైన పదం ఒకటున్నది. దానిని మనం సాన్నిధ్యమని అనువదించుకొనవచ్చు. అయితే దీనికంటే దగ్గరి మాట మనకు ప్రతిదినం తరగతిలోనే వినిపిస్తున్నది. అది 'హాజరు'. అరబీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి తెలుగుకు వచ్చి, రెండు భాషలకూ సొంతమైన పదమిది.

హాజరు పట్టీలో ఒక పేరున్నది. ఆ పేరుకు ఒక సంఖ్య ఉన్నది. ఆ విద్యార్థి ఏ శాఖవాడో, ఏ సంవత్సరం వాడో ఆ పట్టీ చెప్పగలదు. కానీ పేరు పిలిచినప్పుడు లేచి పలికే ఆ మనిషి, ఆ కంఠం, ఆ ఉదయం అతని ముఖంలోని దిగులు లేదా ఉత్సాహం పట్టీలో ఇమడవు. పట్టీ అవసరమైనదే. అది లేనిదే కళాశాల నడవదు. అయినా పట్టీయే మనిషి అని భ్రమపడినవాడు ఉపాధ్యాయుడు కాలేడు.

బోన్‌ఫ్వా దృష్టిలో భావన, అనగా వస్తువులను జాతులుగా, గుణాలుగా విభజించి పేర్లు పెట్టే మన బుద్ధివ్యాపారం, ఇట్టి హాజరు పట్టీ వంటిది. 'చెట్టు' అన్న మాట సకల వృక్షాలకూ చెల్లుతుంది. కనుకనే అది ఏ ఒక్క చెట్టునూ పూర్తిగా చెప్పదు. మా ఇంటి ముందున్న వేపచెట్టు ఒకనాడు ఎండిపోతుంది, 'చెట్టు' అనే భావన మాత్రం ఎండదు. మరణం లేని ఈ భావనల లోకంలో తలదాచుకొని మనిషి మృత్యువును మరచిపోజూస్తున్నాడని ఆయన విమర్శ. 1953లో రాసిన 'రవెన్నా సమాధులు' అనే ప్రసిద్ధ వ్యాసంలో ఈ వాదమున్నది. అందులో ఆయన చిరిగిన ఒక ఐవీ తీగ ఆకును దృష్టాంతంగా తీసుకొంటాడు. ఆకు అనే సామాన్య భావనకు చిరుగు ఉండదు, మురికి ఉండదు. చిరిగిన ఈ ఆకుకు మాత్రం ఉన్నవి. ఆ చిరుగుతో, ఆ మురికితో, ఈ క్షణంలో, ఈ చోట మన ఎదుట ఉండటమే దాని సాన్నిధ్యం. నశించేది గనుకనే అది అమూల్యమైనది.

ఇక్కడ ఒక చిక్కున్నది. కవి వాడేవి కూడా మాటలే గదా! మాటలన్నీ భావనలే గదా! భావనను భావనతోనే ఎట్లా జయించటం? ఈ ప్రశ్నను ఆయన దాటవేయలేదు. పద్యంలోని నాదం, లయ, మాటను దాని నిఘంటువు అర్థం నుంచి కొంత విడిపిస్తాయని, ఆ సడలింపులో వస్తువు ఒక్క క్షణం మనకు తిరిగి దర్శనమిస్తుందని ఆయన విశ్వాసం. కవిత్వం సాన్నిధ్యాన్ని బంధించి దాచలేదు. దాని వైపు దారి చూపగలదు. అంతటితో ఆయన తృప్తి పడ్డాడు.

ఆయన కవిత్వంలో రాయి, నిప్పు, నీరు, చెట్టు, ఇల్లు, మంచు వంటి కొద్ది మాటలే పదేపదే వస్తాయి. ఏ రాయి, ఎక్కడి చెట్టు అన్నది చాలాచోట్ల చెప్పడు. ప్రత్యేకవస్తువును కీర్తించే కవి సామాన్య పదాలతో సరిపెట్టుకోవటం వైరుధ్యంగా కనిపించక మానదు. ఈ వ్యాసకర్తకు కూడా మొదట అట్లాగే తోచింది. కానీ మన అమ్మ 'ఇల్లు' అన్నప్పుడు ఏ ఇల్లని మనం అడుగం. ఎవరికి వారికి తమ ఇల్లు ఎదుట నిలుస్తుంది. ఆ మాటలను ఆయన ఆ స్థాయికి తీసుకొని పోదలచాడని నా అభిప్రాయం. అన్ని పద్యాలలోనూ అది సిద్ధించిందని మాత్రం చెప్పలేను.

కావ్యసంపుటాలు

ఆయనకు కీర్తి తెచ్చిన ప్రథమ కావ్యం 1953లో వెలువడిన 'దూవ్ చలనం, నిశ్చలత'. దూవ్ ఒక స్త్రీ. ఆమె మరణిస్తుంది. దేహం శిథిలమై మట్టిలో, గాలిలో, నీటిలో కలిసిపోతుంది. అయినా ఆమె పలుకుతూనే ఉంటుంది. మరణాన్ని కళ్లారా చూసిన తరువాతనే జీవితాన్ని ప్రేమించటం సాధ్యమన్నది దాని సారాంశం. యుద్ధంలో ఎందరినో పోగొట్టుకొన్న ఆ దేశపు పాఠకులు ఈ గంభీర స్వరాన్ని వెంటనే గుర్తించారు.

1958లో 'నిన్న ఏలిన ఎడారి', 1965లో 'లిఖిత శిల', 1975లో 'గడప మాయలో' వెలువడ్డాయి. 1960 దశకంలో ఆయన, చిత్రకారిణి అయిన ఆయన భార్య లూసీ వైన్స్ దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతంలో వాల్‌సాంత్ అనే చోట ఒక పాత మఠం శిథిల భవనాన్ని కొని, బాగు చేసుకొని నివసించారు. కూలిన గోడలు, రాతి గడపలు, కప్పు సందుల నుంచి పడే వెలుగు ఈ కావ్యాలలో అడుగడుగునా కనిపిస్తాయి. ఆ భవనాన్ని నిలబెట్టుకోవటం చివరకు వారి శక్తికి మించిన పనయింది. 1987లో వచ్చిన 'వెలుగు లేనిది' అన్న సంపుటిలో ఆ ఇంటికి వీడ్కోలు చెప్పిన వేదన ఉన్నది. ఆ తరువాత 1991లో వచ్చిన 'మంచు ఆది, అంతం' అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతపు హిమపాతాన్ని వర్ణిస్తుంది. పూర్వకావ్యాల కంటే ఇది తేలికైన నడక గలది.

వ్యాసకర్త, ఆచార్యుడు

బోన్‌ఫ్వా గద్యం ఆయన పద్యానికి తీసిపోదు. 1959లో 'అసంభావ్యం' అనే వ్యాససంపుటి, 1961లో రేంబోపై గ్రంథం, 1970లో బరోక్ కళను గురించి 'రోమ్ 1630' అనే గ్రంథం ప్రకటించాడు. శిల్పి జాకొమెత్తిపై 1991లో వెలువరించిన బృహద్గ్రంథం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఎదుట కూర్చున్న మనిషి ముఖాన్ని ఉన్నది ఉన్నట్లు పట్టుకోవాలని జాకొమెత్తి చేసిన ప్రయత్నంలో ఆయన తన అన్వేషణనే చూశాడు.

వ్యాసాలన్నింటిలోకి మనోహరమైనది 1972లో వెలువడిన 'లారియేర్ పేయి', అనగా 'ఆవలి సీమ'. రెండు దారులు చీలే చోట నిలబడినప్పుడల్లా తనకొక కలవరం కలుగుతుందని అందులో చెబుతాడు. తాను నడవని ఆ రెండవ దారిలోనే, కొండకు ఆవల, అసలైన జీవితమున్నదేమోనన్న అనుమానం. ఇటలీ చిత్రకారుల పటాలలో వెనుక కనిపించే కొండలను చూసినా అదే ఆశ. ఈ ఆశ ఎంత మధురమో అంత ప్రమాదకరమని ఆయన క్రమంగా గ్రహిస్తాడు. ఆవలి సీమను కలవరించే వాడు కాలి క్రింది నేలను అవమానిస్తున్నాడు. పట్నమో, పరదేశమో చేరితే గాని బ్రతుకు మొదలు కాదనుకొనే మన యువకులకు ఈ గ్రంథం ఉపదేశం చేయదు, తోడుగా నడుస్తుంది. దీని ఆంగ్లానువాదం 2012లో మన కోల్‌కతాలోని సీగల్ బుక్స్ సంస్థ నుంచే వెలువడటం సంతోషింపదగిన విషయం.

1981లో ఆయన సంపాదకత్వంలో రెండు సంపుటాల 'పురాణగాథల నిఘంటువు' వెలువడింది. అదే సంవత్సరం కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యపదవి లభించింది. 1530లో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్స్వా స్థాపించిన ఈ విద్యాపీఠంలో ప్రవేశరుసుములు లేవు, పరీక్షలు లేవు, పట్టాలు లేవు. జ్ఞానాసక్తి గల ఎవరైనా వచ్చి ఉపన్యాసాలు వినవచ్చు. 1980లో రొలాఁ బార్త్ మరణించిన తరువాత బోన్‌ఫ్వా అక్కడ అడుగుపెట్టాడు. కవి పాల్ వలేరీ అనంతరం ఆ పీఠంలో ఆచార్యుడైన కవి ఆయనే. 1993 వరకు అక్కడ బోధించాడు.

అనువాదకుడు

ఉర్దూ, తెలుగు రెండింటి నడుమ నిత్యం రాకపోకలు సాగించే మనకు ఆయన అనువాదకృషి మిక్కిలి ఉపయోగకరం. 'హామ్లెట్', 'లియర్ రాజు', 'మాక్‌బెత్', 'రోమియో జూలియట్' మొదలుగా షేక్స్పియర్ నాటకాలు అనేకం ఆయన ఫ్రెంచిలోకి తెచ్చాడు. యేట్స్, కీట్స్, లియోపార్ది కవితలనూ అనువదించాడు. 1957లో తొలిసారి వెలువడిన 'హామ్లెట్' అనువాదాన్ని దశాబ్దాల పాటు తిరిగి తిరిగి సంస్కరించాడు. 1988లో పత్రీస్ షెరో అవిన్యోన్ నాటకోత్సవంలో ప్రదర్శించిన 'హామ్లెట్'కు ఆయన అనువాదమే ఆధారం.

ఆయన సిద్ధాంతమిది. ఆంగ్లభాష కంటికి కనిపించే ఒక్కొక్క వస్తువును చప్పున పట్టుకొంటుంది. ఫ్రెంచి భాష, ముఖ్యంగా రసీన్ నాటి నుంచి, వస్తువు వెనుకనున్న సారాన్ని వెదకుతుంది. ఫ్రెంచి సంప్రదాయ వృత్తమైన అలెగ్జాండ్రిన్‌లో పాదానికి 12 అక్షరాలు, ఆరవ అక్షరం తరువాత విరామం. మన తెలుగు యతి అక్షరమైత్రి గనుక దానితో పోల్చరాదు. సంస్కృత ఛందస్సులోని విరామయతి దీనికి దగ్గర. రెండు సమభాగాలుగా తూగే ఆ పాదంలో షేక్స్పియర్ మాటల ఎగుడుదిగుడు నడక ఇమడదు. కనుక బోన్‌ఫ్వా ఆ వృత్తాన్ని విడిచి, తరచుగా 11 అక్షరాలకు దగ్గరగా నడిచే స్వేచ్ఛాపాదాన్ని స్వీకరించాడు. తూకం ఉన్నట్లే ఉండి చివరకు ఒక అక్షరం తగ్గటంతో ఆ పాదం మూసుకొనక తెరుచుకొనే ఉంటుంది.

మూలంలోని రూపాన్ని అచ్చు దించటం అనువాదం కాదు, మూలకవి ఏ అనుభవం నుంచి పలికాడో ఆ అనుభవం వరకు వెళ్లి తన భాషలో తిరిగి బయలుదేరటమే అనువాదమని ఆయన నమ్మకం. గజలును తెలుగులోకి, పద్యాన్ని ఉర్దూలోకి తేబూనే మన విద్యార్థులు ఈ మాటను మననం చేసుకోవాలి.

తండ్రి వద్దకు తిరుగు ప్రయాణం

2001లో, 78వ ఏట, ఆయన 'వంగిన పలకలు' అనే సంపుటి ప్రకటించాడు. తరువాత ఇది ఫ్రాన్సులో బకలోరియా పరీక్షకు వెళ్లే సాహిత్యశాఖ విద్యార్థులకు పాఠ్యగ్రంథమయింది. ఆ సంపుటికి పేరిచ్చిన వచనఖండికలో ఒక మహాకాయుడైన పడవవాడు, నది దాటించమని అడిగే ఒక బాలుడు ఉంటారు. నాన్న అంటే ఏమిటో, ఇల్లంటే ఏమిటో ఆ బాలునికి తెలియదు. నీవే నాకు నాన్నవు కమ్మని పడవవానిని కోరుతాడు. నడుమ ఏటిలో పడవ పలకలు బరువుకు వంగి, నీరు నిండి, పడవ మునిగిపోతుంది. పిల్లవానిని పట్టుకొని ఆ మనిషి అంతులేని నీటిలో, నక్షత్రాల నడుమ ఈదుతూ పోతాడు.

అదే సంపుటిలో 'పుట్టిన ఇల్లు' అనే కవితామాలిక ఉన్నది. అందులోని ఒక కవితలో కవి తన తండ్రిని స్మరిస్తాడు. అలసిన తండ్రితో కొడుకు పేకాడుతున్నాడు. తండ్రి ఓడిపోతున్నాడు. ఆయన చూడనప్పుడు పిల్లవాడు ముక్కలు మార్చి, గెలిచే ముక్కలన్నీ తండ్రికే దక్కేటట్లు చేస్తాడు. ఆ గెలుపును చూసి తండ్రి మనస్సులో ఏదైనా ఆశ చిగురిస్తుందేమోనని ఆ పసివాని తాపత్రయం. మాటల ద్వారా చేరలేని తండ్రిని ఆ విధంగానైనా చేరదలచాడు.

1964లో ఆయన ఒక కథాకావ్యాన్ని ఆరంభించి, నూరు పాదాల దాకా రాసి, ముందుకు సాగక వదిలివేశాడు. అందులో ఎర్రని మెడగుడ్డ ధరించిన ఒక అపరిచితుడు వస్తాడు. అతడెవరో రాసినవానికే తెలియలేదు. అర్ధశతాబ్దం తరువాత ఆ పాత కాగితాలను తిరిగి ముందుంచుకొని చదివి, ఆ కథంతా తన తండ్రిని గురించినదేనని గ్రహించాడు. తల్లిదండ్రులు తన కొరకు తమ మాటను వదులుకొన్న తీరును, తండ్రి మౌనాన్ని, ఆ మౌనం పట్ల తన బాధ్యతను విచారిస్తూ 'ఎర్రని మెడగుడ్డ' అనే గద్యగ్రంథం రాశాడు. అది 2016లో వెలువడింది. అదే సంవత్సరం జులై 1వ తేదీన పారిస్‌లో, 93వ ఏట ఆయన కన్నుమూశాడు. 1987లో గోన్‌కూర్ కవితాపురస్కారం, 1995లో బల్జాన్ బహుమతి, 2007లో ఫ్రాన్జ్ కాఫ్కా బహుమతి ఆయనను వరించాయి. ఫ్రెంచి సాహిత్యంలో గౌరవప్రదమైన ప్లేయాద్ గ్రంథమాలలో 2023లో ఆయన కావ్యసర్వస్వం చేరింది.

ముగింపు

ఈ కవితో మనకేమి పని అన్న ప్రశ్నకు ఇక సమాధానం చెప్పాలి. మా తండ్రిగారు దర్జీ పనిచేసేవారు. ఆయన ఉర్దూ చదువగలరు, తెలుగు మాట్లాడగలరు గాని చదువలేరు. నేను తెలుగు ఎం.ఏ. పట్టా తీసుకొని ఇంటికి వచ్చిన నాడు దానిని రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూశారు. "దీనికి అద్దం కట్టించాలి బేటా" అని మాత్రం అన్నారు. అందులో ఏమి రాసి ఉన్నదని ఆయన అడగలేదు. నేనూ చదివి వినిపించలేదు. ఆ తరువాత ఎన్నో వ్యాసాలు రాశాను. ఏ ఒక్కదానినీ ఆయన భాషలో ఆయనకు వినిపించే తీరిక నాకు కలుగలేదు. నేడు ఆయన లేరు. బోన్‌ఫ్వా చివరి గ్రంథాన్ని గురించి చదివినప్పుడు, నేను ప్రతి ఉదయం ఇతరుల హాజరు పిలుస్తూ, పిలువవలసిన ఒక పేరు మరచినట్లు తోచింది.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు మీ ఇంటిలో మొట్టమొదట కళాశాల గడప తొక్కినవారు. మీరు నేర్చే ప్రతి కొత్త మాట మీ తల్లిదండ్రుల కష్టార్జితం. ఆ మాటలే మీకూ వారికీ నడుమ గోడ కాకూడదు. ఈ సంచికలో మీరు రాసిన కథనో కవితనో ఇంటికి తీసుకొని పోయి, వారికి తెలిసిన భాషలో, వారి ఎదుట కూర్చుండి వినిపించండి. అనువాదంలో తప్పులు దొర్లినా ఫరవాలేదు. 93 ఏళ్లు జీవించి, ఎన్నో గ్రంథాలు రాసిన ఒక మహాకవి చివరి వరకు వెదకిన సాన్నిధ్యం మీకు ఈ సాయంకాలమే మీ ఇంటి వసారాలో లభించవచ్చు.